మన వంశవృక్షం, మన ఆరోగ్యం: ఖర్చు లేకుండా ఇంటి చరిత్ర రాసుకోవడం ఎలా?

ఓ.పి.కి గానీ, వార్డుకు గానీ కొత్తగా వచ్చిన ప్రతి రోగిని సిస్టర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా బి.పి., షుగరు, గుండె జబ్బు ఉండేవా? అమ్మానాయనలు ఉన్నారా? లేకుంటే ఏ వయసులో, దేనితో పోయారు?" దీనికి చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. "ఏమోమ్మా, మాకు తెలీదు. మా నాయన వయసులో ఉండగానే పోయినాడు." కేస్ షీటులో ఆ గడి ఖాళీగానే మిగిలిపోతుంది.

తల్లిదండ్రుల నుండి మనకు ఇల్లూ పొలమూ వచ్చినట్లే కొన్ని జబ్బులకు లొంగే స్వభావం కూడా వస్తుంది. పొలం కాగితాలను బీరువాలో భద్రంగా పెట్టుకుంటాం. ఈ రెండో ఆస్తికి మాత్రం మన ఇళ్లలో ఏ కాగితమూ ఉండదు. పెద్దవాళ్లు పోతే వాళ్లతోపాటే ఆ సమాచారమూ పోతుంది.

ఇప్పుడు చాలామంది చేతిలో ఇంటర్నెట్ ఉన్న సెల్‌ఫోన్ ఉంది. రూపాయి ఖర్చు లేకుండా ముత్తాతల పేర్లు వెతుక్కునే వీలు కూడా వచ్చింది. ఇంటర్నెట్ ఎంతవరకు సాయపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుండి మనమేం చేయాలి అన్న విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మూడు తరాలు ఎందుకు?

డాక్టర్లకు పది తరాల చరిత్ర అవసరం లేదు. మూడు తరాలు చాలు. అంటే మీరూ మీ తోడబుట్టినవాళ్లూ ఒక తరం. మీ తల్లిదండ్రులూ వాళ్ల తోడబుట్టినవాళ్లూ రెండో తరం. ఇరువైపులా అవ్వాతాతలు మూడో తరం. తల్లిదండ్రుల నుండి మనకు సగం సగం జన్యువులు వస్తాయి. మేనమామ, మేనత్త, చిన్నాయన, పిన్నమ్మ, అవ్వాతాతలతో సగటున నాలుగింట ఒక వంతు కలుస్తాయి. ఈ మూడు తరాలు తెలిస్తే కింది విషయాల్లో ముందే జాగ్రత్త పడవచ్చు.

1. గుండె జబ్బు: తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్లలోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ 65 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే మిగతావాళ్లు నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. బి.పి., షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ముందుగానే చేయించుకోవాలి.

2. షుగరు: చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ఒక సులభమైన లెక్కను ప్రకటించింది. వయసు, నడుము కొలత, శరీర శ్రమ, తల్లిదండ్రుల షుగరు అనే నాలుగింటికి మార్కులు వేస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరు ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గానీ అంతకు మించి గానీ వస్తే రక్తపరీక్ష తప్పనిసరి. దీనికి కావలసింది ఒక టేపు, తల్లిదండ్రుల గురించి ఒక జవాబు మాత్రమే.

3. క్యాన్సర్: దగ్గరి బంధువుల్లో ఎవరికైనా చిన్న వయసులోనే రొమ్ము, అండాశయం, పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగతా కుటుంబానికి పరీక్షలు మామూలు వయసు కంటే ముందే మొదలుపెట్టవలసి ఉంటుంది.

4. మత్తుమందు: ఆపరేషన్ సమయంలో కండరాలు వదులు కావడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ మందును విరగగొట్టే ఎంజైము తక్కువ. వారికి ఆపరేషన్ అయిపోయినా గంటల తరబడి సొంతంగా ఊపిరి రాదు, వెంటిలేటరు మీద ఉంచవలసి వస్తుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుందని మత్తు డాక్టర్లు ఎరుగుదురు. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, ఏ ప్రమాదమూ ఉండదు. "మా మేనమామకు ఆపరేషన్ అయినాక చాలాసేపు ఊపిరి రాలేదంట" అన్న ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది.

5. మేనరికం: మన వైపు అక్కకూతురిని, మేనత్త కూతురిని, మేనమామ కూతురిని చేసుకోవడం మామూలే. మేనమామకూ మేనకోడలికీ నాలుగింట ఒక వంతు, బావామరదళ్లకు ఎనిమిదింట ఒక వంతు జన్యువులు కలుస్తాయి. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పుట్టుచెవుడు, తలసీమియా వంటివి కొన్ని ఇళ్లలో మళ్లీ మళ్లీ కనిపించడానికి ఇదే కారణం.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ముప్పయ్యెనిమిదేళ్ల రైతు ఒకాయన ఛాతీ నొప్పితో అడ్మిట్ అయ్యారు. ఆయన భార్య పిల్లల నోటుబుక్కు ఒకటి తెచ్చి డాక్టరుగారి ముందు పెట్టింది. అత్తగారిని అడిగి అందులో రాసుకున్నది మూడే వరుసలు. మామగారు 44 ఏళ్లకు మడికట్టు మీద కుప్పకూలి పోయారు. చిన్నమామగారు 47 ఏళ్లకు బస్టాండులో పోయారు. వాళ్ల మేనత్తకు మడమల వెనుక గట్టి గడ్డలు ఉండేవి. డాక్టరుగారు వెంటనే ఇద్దరు పిల్లలకూ కొలెస్ట్రాల్ పరీక్ష రాశారు. పన్నెండేళ్ల కొడుకుకు చాలా ఎక్కువగా ఉంది. తల్లి గానీ తండ్రి గానీ ఒకరికి ఈ రకం లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఆ బాబుకు అప్పుడే వైద్యం మొదలైంది. ఆ మూడు వరుసలు లేకుంటే అతని రక్తం పరీక్ష చేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

ముందు పెద్దవాళ్లు, తర్వాతే ఫోను

ఇంటి చరిత్ర వెతకాలనుకునేవారు ముందుగా ఫోను పక్కన పెట్టి అవ్వ దగ్గర కూర్చోవాలి. పెద్దవాళ్లు జబ్బు పేరు చెప్పరు, కనిపించింది చెబుతారు. దానిని మనం అర్థం చేసుకోవాలి.

"రాత్రి పండుకున్నోడు పొద్దున లేవలేదు" అంటే వయసెంతో అడగండి. ముందు రోజు చెమటలు పట్టాయా, ఛాతీలో గానీ ఎడమ చేతిలో గానీ నొప్పి అన్నాడా అని కూడా అడగండి. "కాలిపుండు మానక కాలు తీసేసినారు", "ఒంటికి పోసిన చోట చీమలు పట్టేవి" అంటే షుగరు కావచ్చు. "చెయ్యీ కాలూ పడిపోయినాయి, మూతి వంకర పోయింది" అంటే పక్షవాతం. దాని వెనుక బి.పి. ఉండి ఉండవచ్చు. "ఒళ్లంతా నీరు పట్టింది" అంటే గుండె, మూత్రపిండాలు, కాలేయంలో ఏదో ఒకటి. "కాన్పులో పోయింది" అంటే రక్తం పోయిందా, ఫిట్స్ వచ్చాయా అని అడగాలి. "మదనపల్లె శానిటోరియంలో పెట్టినారు" అంటే దాదాపుగా క్షయ అనే. ఆరోగ్యవరంలో 1915 నుండి క్షయ రోగులకు వైద్యం చేశారు. ఆ రోజుల్లో జబ్బు పేరు పలకడానికి జంకి ఊరి పేరు చెప్పేవాళ్లు.

సంవత్సరాలు కూడా పెద్దవాళ్లు తెలుగు పేర్లతోనే చెబుతారు. ఆ పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. "ధాత" అంటే 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు, 1996-97 కావచ్చు. రాయలసీమను అల్లాడించిన ధాత కరువు 1876-78 నాటిది. "మా జేజి ధాతలో పుట్టింది" అని ఎనభై దాటిన ఆమె గురించి అంటే అది 1936-37.

ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చండి. స్కూలు టి.సి., రేషన్ కార్డు, పెళ్లిపత్రిక, భూమి దస్తావేజు, ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ పనికివస్తాయి. మన జిల్లాలో పాత దస్తావేజులు కొన్ని అరవంలో ఉంటాయి. గూగుల్ లెన్స్‌తో ఫొటో తీస్తే అచ్చులో ఉన్న అరవాన్ని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. చేతిరాతకు మాత్రం అరవం చదివే పెద్దలే దిక్కు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవి

వెతికే ముందు ఒక సంగతి గమనించాలి. ఊరు కదలకపోయినా జిల్లా మారుతూ వచ్చింది. చంద్రగిరి వైపు ఊరిని తీసుకోండి. 1911కు ముందు అది మద్రాసు ప్రెసిడెన్సీలో నార్త్ ఆర్కాట్ జిల్లా. 1911 ఏప్రిల్ 1 నుండి చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లా. మదనపల్లె, వాయల్పాడు 1911కు ముందు కడప జిల్లాలో ఉండేవి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండి తర్వాత మద్రాసు రాష్ట్రానికి పోయింది. కాబట్టి 1900 నాటి మనిషిని "తిరుపతి జిల్లా" అని వెతికితే దొరకడు. "నార్త్ ఆర్కాట్" అని వెతకాలి.

ఓటర్ల జాబితా, మీ భూమి: రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఓటర్ల జాబితాలు ఉంటాయి. వాటిలో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయసు చూడవచ్చు. మీ భూమి వెబ్‌సైట్‌లో 1-బి, అడంగల్ చూస్తే పట్టాదారు పేరు, తండ్రి పేరు తెలుస్తాయి. విడిపోయిన దాయాదుల జాడ ఈ రెండింటితో దొరకవచ్చు.

ఫ్యామిలీ సెర్చ్: అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుండి మార్మన్ సంఘం నడిపే ఈ వెబ్‌సైట్ 1999లో మొదలైంది. ఏ మతం వారైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఈమెయిల్‌తో ఖాతా తెరిచి వంశవృక్షం గీసుకోవచ్చు, ప్రపంచ దేశాల పాత రికార్డులు వెతకవచ్చు. మన జిల్లాల రికార్డులు అందులో తక్కువే కాబట్టి పెద్ద ఆశ పెట్టుకోకూడదు. విదేశాలకు వెళ్లిన బంధువులను వెతకడానికి ఎక్కువ పనికివస్తుంది.

ఓడల జాబితాలు: "మా తాత అన్న ఓడెక్కి పోయినాడు, మళ్లీ రాలేదు" అనే మాట మన వైపు కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలను తీసుకొని డర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా భారతదేశం నుండి నాటాల్ వెళ్లారు. వారిలో నార్త్ ఆర్కాట్ వాళ్లు కూడా ఎందరో ఉన్నారు. ప్రతి మనిషికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది గుర్తులు కూడా రాశారు. ఆ జాబితాలను డర్బన్‌లో కంప్యూటరులోకి ఎక్కించారు. మారిషస్, ఫిజీ వెళ్లినవారికీ ఇలాంటి రికార్డులు ఉన్నాయి. మద్రాసు రేవు నుండి ఫిజీకి ఓడలు 1903 నుండి బయలుదేరాయి. ఆ శాఖ వాళ్లు దొరికితే ఆనందం ఒక్కటే కాదు, వాళ్ల తల్లిదండ్రులకు ఏ జబ్బులు తేలాయో కూడా అడగవచ్చు. ఆ సముద్రం దాటినవాళ్లదీ మన రక్తమే.

సంఘ రిజిస్టర్లు: క్రైస్తవ కుటుంబాలకు ఇది మంచి ఆధారం. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1853లోనూ, జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1860ల్లోనూ ఈ ప్రాంతాల్లో పని మొదలుపెట్టాయి. బాప్తిస్మపు, వివాహపు, సమాధి రిజిస్టర్లు చాలావరకు ఇంటర్నెట్‌లో లేవు, సంఘాల్లోనే ఉంటాయి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహ రిజిస్టరులో వధూవరుల వయసు, తండ్రుల పేర్లు ఉంటాయి. కొన్ని పాత సమాధి రిజిస్టర్లలో మరణ కారణం అనే గడి కూడా ఉంటుంది. పాస్టరుగారి అనుమతితో మీ ఇంటివారి పుటను ఫొటో తీసుకోండి. పాత మిషన్ నివేదికలు, 1881లో అచ్చయిన నార్త్ ఆర్కాట్ జిల్లా మాన్యువల్ వంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు.

పేర్ల చిక్కులు

వెంకటమ్మను ఒక గుమాస్తా "వి" తో, మరొకరు "వై" తో రాశారు. ఓడల జాబితాలో ఇంటిపేరు ఉండదు. తాత పేరే మనవడికి పెట్టడం వల్ల ఒకే పేరు రెండు తరాలకు కలిసిపోతుంది. బాప్తిస్మానికి ముందు ఒక పేరు, తర్వాత ఒక పేరు ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకని పేరు ఒక్కటే చూసి "మా తాత దొరికాడు" అనుకోకూడదు. పేరు, తండ్రి పేరు, ఊరు ఈ మూడూ కుదరాలి. ఫ్యామిలీ సెర్చ్‌లో అక్షరాలు సందేహంగా ఉన్న చోట నక్షత్రం గుర్తు పెడితే అన్ని రకాల స్పెల్లింగులూ చూపిస్తుంది.

ఇంటర్నెట్ చెప్పలేనిది

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఇంటర్నెట్ చెప్పగలదు. దేనితో పోయారు అన్నది మాత్రం దాదాపు ఎక్కడా దొరకదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టంలోనే, రిజిస్టరులో రాసిన మరణ కారణాన్ని మనకిచ్చే నకలులో చూపకూడదని ఉంది. అందుకే మీరు తెచ్చుకున్న మరణ ధ్రువపత్రంలో పేరు, తేదీ, స్థలం ఉంటాయి గానీ జబ్బు పేరు ఉండదు. అది చూసి ఆసుపత్రివాళ్లు దాచారని అనుకోవద్దు.

ఈ చట్టానికి 2023లో సవరణ వచ్చింది. ఆసుపత్రిలో మరణం జరిగితే డాక్టరు ఇచ్చే మరణ కారణ పత్రం నకలు ఒకటి దగ్గరి బంధువుకు ఇవ్వాలని అందులో ఉంది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ కాగితం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎవరో ఒకరు దానిని అడిగి తీసుకోవాలి, భద్రపరచాలి. మీ మనవళ్లకు ఆ ఒక్క కాగితమే కేస్ షీటులో ఖాళీ గడిని నింపుతుంది.

ఎలా రాసుకోవాలి?

తెల్ల కాగితం చాలు. మగవారికి చదరం, ఆడవారికి సున్నా గీయండి. పోయినవారి గుర్తు మీద అడ్డగీత గీయండి. భార్యాభర్తలకు మధ్య ఒక గీత గీయండి, మేనరికమైతే రెండు గీతలు. జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపి, పక్కన జబ్బు పేరు, అది మొదలైన వయసు, పోయిన వయసు రాయండి. పుట్టి చనిపోయిన పసిబిడ్డలనూ, పోయిన గర్భాలనూ వదిలిపెట్టవద్దు. డాక్టరుకు అవీ ముఖ్యమే. తల్లి వైపు కూడా తండ్రి వైపు అంతే శ్రద్ధగా రాయాలి. మన వంశవృక్షాల్లో ఆడపిల్లల కొమ్మలు సగం రాయకుండానే వదిలేస్తారు. జబ్బులకు ఆ పక్షపాతం లేదు.

కంప్యూటరు ఉన్నవారు గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడవచ్చు. సమాచారం మీ కంప్యూటరులోనే ఉంటుంది. ఫ్యామిలీ సెర్చ్ వంటి వెబ్‌సైట్లలో చనిపోయినవారి వివరాలు అందరికీ కనిపిస్తాయి. ఎవరైనా మార్చవచ్చు కూడా. కాబట్టి అక్కడ పేర్లు, తేదీలు పెట్టండి. జబ్బుల వివరాలు, ఆధార్ నంబర్లు, బ్రతికి ఉన్నవారి సంగతులు పెట్టవద్దు. వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టవద్దు.

"ఇదంతా రాస్తే సంబంధాలు రావమ్మా"

ఈ మాట తల్లులు నాతో చాలాసార్లు అన్నారు. వారి భయం నిజమే, తీసిపారేయవలసింది కాదు. ఆడపిల్ల ఉన్న ఇంట్లో మూర్ఛ, మతిస్థిమితం, పుట్టుచెవుడు వంటి మాటలు బయటికి రాకూడదనుకుంటారు. అయితే ఈ కాగితం ఊరికి చూపించడానికి కాదు. మీకూ మీ డాక్టరుకూ మధ్య ఉండేది. ఇంట్లో జబ్బు ఉన్నంత మాత్రాన అందరికీ వస్తుందనీ కాదు. చాలా జబ్బులకు ముందే పరీక్ష ఉంది, మందు ఉంది. కుదిరింది మేనరికమైతే, ఇరువైపులా ఒకే రకం జబ్బు కాగితం మీద కనిపిస్తే, పెళ్లికి ముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవండి. తలసీమియా వంటి వాటికి ఒక రక్తపరీక్షతో సంగతి తేలిపోతుంది. దాచిపెట్టిన జబ్బు పెళ్లినాడు ఎవరికీ కనిపించదు. కాన్పు వార్డులో, పిల్లల వార్డులో కనిపిస్తుంది. అప్పుడు నింద మోసేది ఎక్కువగా కోడలే. ఇది నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

వచ్చే పండుగకు ఇంటిల్లిపాదీ కలిసినప్పుడు ఒక గంట దీనికి కేటాయించండి. చదువుకుంటున్న పిల్లల చేత రాయించండి, అవ్వాతాతల చేత చెప్పించండి. ఒక నకలు ఆసుపత్రి ఫైలులో పెట్టండి, మరొకటి ప్రతి అన్నదమ్ముకూ అక్కచెల్లెలికీ ఇవ్వండి. ఏటా ఒకసారి కొత్త సంగతులు చేర్చండి. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ కాగితం కూడా తీసుకురండి. చూసి అర్థం చెప్పడానికి మా సిస్టర్లు సిద్ధంగా ఉంటారు.